అబ్‌హోర్ అంటే హేట్ కంటే పెద్దదా? ఒక మెయిల్ తెచ్చిన తంటా

ఆటోనగర్ కమాన్ కట్టలు
అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ స్పేర్ పార్టుల కొట్టు. కమాన్ కట్టలు, యు బోల్టులు, బుష్‌లు అమ్ముతాం. సరుకు బయటి రాష్ట్రం నుంచి వస్తుంది. పోయిన నెల ఆర్డరు పెడితే పద్దెనిమిది రోజులైనా అక్కడ బండి ఎక్కలేదు. ఇక్కడేమో లారీ ఓనర్లు మా కొట్టు ముందే కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఒళ్ళు మండి మెయిల్ రాద్దామని కూర్చున్నా. ‘వి డోంట్ లైక్ ద డిలే’ అని రాసి చూస్తే ఉప్పులేని పప్పులా ఉంది. ఫోన్లో డిస్‌లైక్ అని కొట్టి సమానార్థాలు చూశా. వరసలో అన్నిటికంటే కింద అబ్‌హోర్ ఉంది. చివర పెట్టారంటే ఇదే గట్టిదై ఉంటుందనుకుని ‘వి అబ్‌హోర్ యు అండ్ యువర్ డిలే’ అని పంపేశా.

పావుగంటలో ఫోన్ వచ్చింది. ఆయన మా నాన్న ఉన్నప్పటి నుంచి మాకు సరుకు పంపుతున్న పెద్దమనిషి. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. “నేనంత నీచమైన పని ఏం చేశాను బాబూ” అని హిందీలో మెల్లగా అడిగాడు. నాకు నోట మాట రాలేదు. సారీ చెప్పాననుకోండి.

నా డౌటు ఏంటంటే, ఆ మాట నిజంగా అంత పెద్దదా? ఇంకో డౌటు. మా పాప ఎనిమిదో తరగతి, దాన్ని ‘అభోర్’ అని చదువుతోంది. కరెక్టేనా?

పిడుగు
అంకుల్, ‘యు అండ్ యువర్ డిలే’ అన్నారు చూడండి, అక్కడ లేచి చప్పట్లు కొట్టా. ఆలస్యంతో పాటు మనిషిని కూడా కలిపి కట్టేశారు 😂

బ్రాడీపేట నాలుగో లైను
ముందు పాప సంగతి చెప్తా. ఆ అమ్మాయి తప్పేం లేదు. సెల్లులో మనం తెలుగుని ఇంగ్లిష్ అక్షరాలతో కొడతాం కదా, బి పక్కన హెచ్ కనిపిస్తే మన కంటికి అది ‘భ’. భాను, భారతి, భోజనం అన్నీ అలాగే రాస్తాం. అందుకని ఈ మాట చూడగానే నోరు దానంతటదే ‘అభోర్’ అంటుంది. గుంటూరులో చాలా ఏళ్ళు ట్యూషన్లు చెప్పాను, మొదటిసారే దీన్ని సరిగ్గా చదివిన పిల్లవాడు ఒక్కడూ గుర్తు లేడు. అబ్ అని ఆగి హోర్ అనమనండి. రెండో ముక్కని ఒత్తి పలకాలి. ఆ ఒత్తు వల్లే అబ్‌హోర్డ్ అని భూతకాలం రాసేటప్పుడు ఆర్ రెండుసార్లు పడుతుంది. రిఫర్‌కి రిఫర్డ్ ఎలాగో అలాగే. ఆఫర్‌లో ఒత్తు మొదటి ముక్క మీద కాబట్టి ఆఫర్డ్‌కి ఒక్క ఆర్ చాలు.

మాట లాటిన్‌ది. అబ్ అంటే దూరంగా అని. హొర్రేరె అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, వణకడం. హారర్ సినిమా అంటామే, ఆ హారర్, హారిబుల్ అన్నీ దీని తోబుట్టువులే. 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఒళ్ళు జలదరించి ఒక అడుగు వెనక్కి వేస్తామే, అదీ అబ్‌హోర్.

ఇక మీ సంగతి. జాబితాలో కింద ఉన్న మాట పైదానికన్నా ఘాటైనదని ఎవరు చెప్పారండీ మీకు? కిరాణా చీటీలో చివర రాశారు కాబట్టి అగ్గిపెట్టె కందిపప్పు కంటే ఖరీదు అన్నట్టుంది. సరుకు ఆలస్యమైతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, జలదరించదు. అసలు మీరు రాసిన మాటలోనే ఉంది జవాబు, ‘ఒళ్ళు మండి’ అన్నారు కదా.

ఆటోనగర్ కమాన్ కట్టలు
మాస్టారూ, అగ్గిపెట్టె మాట మా గుమస్తాకి చదివి వినిపించా. ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఇంతకీ ఒళ్ళు మండితే ఏం రాయాలి?

బెంజ్ సర్కిల్ బ్యాచ్
నేను ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ చెప్తాను, విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష అది. మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. మాటల పుట్టుపూర్వోత్తరాలు వినడానికి బావుంటాయి గానీ, పరీక్షలో గానీ మెయిల్లో గానీ అవి కాపాడవు. వాడుక చూడాలి. అబ్‌హోర్ పక్కన ఏ మాటలు వస్తాయో చూడండి. హింస, బాలకార్మిక వ్యవస్థ, బానిసత్వం, జాతి వివక్ష, జంతువుల్ని హింసించడం. ఇలాంటి వాటి పక్కన కుదురుగా కూర్చుంటుంది. కొరియర్ పక్కన కూర్చోదు. వ్యాపారంలో మీకు కావాల్సింది ‘వి ఆర్ వెరీ అన్‌హ్యాపీ విత్ ద డిలే’. ఇంకా గట్టిగా కావాలంటే ‘ద డిలే ఈజ్ అనాక్సెప్టబుల్’. అంతకంటే పైకి వెళ్ళొద్దు.

మా స్టూడెంట్లు మళ్ళీ మళ్ళీ చేసే తప్పులు కూడా చెప్పేస్తా. ‘ఐ వెరీ హేట్’, ‘ఐ వెరీ అబ్‌హోర్’ అని రాస్తారు. ‘నాకు చాలా అసహ్యం’ అనే తెలుగులోని ‘చాలా’ని తీసుకెళ్ళి అక్కడ అతికించడం ఇది. అబ్‌హోర్‌లోనే ఆ ‘చాలా’ ఉంది, బయట ఇంకోటి అక్కర్లేదు. రెండు, ‘ఐ యామ్ అబ్‌హోరింగ్’ అనకూడదు. గిట్టకపోవడం ఇప్పుడు జరుగుతున్న పని కాదు, ఎప్పుడూ ఉండేది. మూడు, హేట్ తర్వాత ‘టు’ వస్తుంది, ‘ఐ హేట్ టు సే దిస్’ అంటాం. అబ్‌హోర్ తర్వాత ‘టు’ రాదు. ‘ఐ అబ్‌హోర్ లయింగ్’ అనాలి.

పిడుగు
మేడం, అయితే ‘ఐ అబ్‌హోర్ కాకరకాయ’ తప్పా? మా అమ్మ వారానికి రెండుసార్లు వండుతోంది. నాకు నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది.

బెంజ్ సర్కిల్ బ్యాచ్
నవ్వించడానికైతే అనొచ్చు. మీ అమ్మగారు నవ్వుతారా లేదా అన్నది నేను చెప్పలేను.

బ్రాడీపేట నాలుగో లైను
వాడుక ముఖ్యమన్నది ఒప్పుకుంటా తల్లీ. కానీ ఆ వాడుక గాల్లోంచి ఊడిపడలేదు కదా. మూలం తెలిస్తే పిల్లవాడికి జన్మలో మర్చిపోని గుర్తొకటి దొరుకుతుంది. చూడండి, వీటికి తెలుగులో ఎంత చక్కగా జోడీలు కుదురుతాయో.

డిస్పైజ్. లాటిన్‌లో కిందికి చూడటం. మనం ‘చిన్నచూపు’ అంటామా లేదా? ఇక్కడా చూపే, అక్కడా చూపే. అందుకే మనకంటే పై స్థాయిలో ఉన్నాడని మనమే ఒప్పుకున్నవాణ్ణి డిస్పైజ్ చేయడం కష్టం, హేట్ చేయడం తేలిక.

అవర్షన్. మొహం పక్కకి తిప్పుకోవడం. మనకి ‘విముఖత’, ఊళ్ళో భాషలో ‘పెడమొహం’. రెండిట్లోనూ మొహమే.

డిస్‌గస్ట్. గుస్తుస్ అంటే రుచి. రుచి చెడటం. మనకి ‘వెగటు’.

డిటెస్ట్. ఇది నాకు బాగా ఇష్టమైనది. టెస్టిస్ అంటే సాక్షి. టెస్టిమొనీ, ప్రొటెస్ట్ అన్నీ అక్కడివే. దేవుణ్ణి సాక్షిగా పిలిచి శాపనార్థాలు పెట్టడం డిటెస్ట్. ‘అమ్మతోడు, వాడి గుమ్మం తొక్కను’ అంటామే, ఆ ఊపు.

అబామినేట్‌లో ఉన్నది ఓమెన్, శకునం. బయల్దేరగానే పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి కాసేపు కూర్చుంటామే, అది. మధ్యయుగాల్లో దీనికి మూలం ‘మనిషి’ అనే అర్థమున్న లాటిన్ మాట అనుకుని, అబామినబుల్ మధ్యలో లేని హెచ్ ఒకటి దూర్చి రాసేవాళ్ళు. పండితులు చేసిన తప్పు అది. కాబట్టి మీ పాప ఒక్క హెచ్ దగ్గర తడబడిందని బాధపడొద్దని చెప్పండి.

తాళపత్రం
మాస్టారు దారి తీశారు కాబట్టి నేనూ చెయ్యి వేస్తా. అబ్‌హోర్‌కి నిఘంటువుల్లో ‘అసహ్యించుకొను’ అని ఇస్తారు. కానీ అసహ్యం అంటే అసలు ‘సహించలేనిది’ అని మాత్రమే. సహ్యం కానిది. ఇవాళ మనం ఆ మాటని మురికికి, కంపుకి వాడుతున్నాం. ‘ఛీ అసహ్యం’ అంటే సహించలేనని ఎవరూ అనుకోరు, ముక్కు మూసుకుంటారు. బీభత్సం చూడండి. నాట్యశాస్త్రంలో అది ఒక రసం, దానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, జుగుప్స. పేపర్లలో మాత్రం ‘తుపాను బీభత్సం’ అంటే విధ్వంసం. మాటలు ఇల్లు మారుతూనే ఉంటాయి.

నన్నడిగితే అబ్‌హోర్‌కి తెలుగులో దగ్గరి మాట ‘ఏవగింపు’. ద్వేషం కాదు. ద్వేషంలో అవతలివాడి దగ్గరికెళ్ళి దెబ్బ కొట్టాలనిపిస్తుంది. ఏవగింపులో దూరం జరగాలనిపిస్తుంది. పగ పట్టినవాడు శత్రువు ఇంటి చుట్టూ తిరుగుతాడు. ఏవగించుకున్నవాడు ఆ వీధిలోకే రాడు.

నల్లకోటు
ఈ తేడా మా వృత్తిలో రోజూ కనిపిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 153ఏ. వర్గాల మధ్య ‘ఎన్మిటీ, హేట్రెడ్, ఇల్‌విల్’ రేపడం నేరమంటుంది. శత్రుత్వం, ద్వేషం, వైరభావం. అక్కడ అబ్‌హోరెన్స్ అని రాయలేదు, రాయరు కూడా. ఎందుకంటే మనుషుల మీద మనుషుల్ని ఉసిగొల్పేది హేట్రెడ్. అబ్‌హోరెంట్ అనేది కోర్టులో నేరాన్ని గురించి చెప్పేటప్పుడు వచ్చే మాట, చేసిన పని ఎంత దారుణమో చెప్పడానికి. కొత్తలో నేను చెక్ బౌన్స్ కేసు నోటీసులో ‘యువర్ అబ్‌హోరెంట్ కాండక్ట్’ అని రాశా. మా సీనియర్ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, “ఇది ఇక్కడే వాడేస్తే రేపు హత్య కేసు వస్తే ఏం రాస్తావురా” అన్నారు.

తాడికొండ మెట్ట
నేను రైతుని, ఇంగ్లిష్ అంతంతమాత్రం. కానీ ఈ మాట ఇంటర్లో ఫిజిక్స్ లెక్చరర్ చెబితే విన్నా. ‘నేచర్ అబ్‌హోర్స్ ఎ వాక్యూమ్’. ప్రకృతికి శూన్యం గిట్టదు అని. అప్పుడు ప్రకృతి కూడా మీ ఆటోనగర్ అంకుల్లాగా మెయిల్ రాస్తుందా అనుకున్నాం 😀

పాతకాలంలో పంపు ఎందుకు నీళ్ళు లాగుతుందంటే ఇదే జవాబంట. పంపులో ఖాళీ వస్తే ప్రకృతి తట్టుకోలేక నీళ్ళతో నింపేస్తుంది అని. బాగానే ఉంది. కానీ ఇటలీలో పంపులు పెట్టేవాళ్ళు గమనించారు, ముప్పై నాలుగు అడుగులు దాటితే చచ్చినా నీళ్ళు ఎక్కవు. మరి ప్రకృతికి ముప్పై నాలుగు అడుగుల దాకానే ఏవగింపా? 1643లో టోరిసెల్లీ అనే ఇటలీ శాస్త్రవేత్త గాజు గొట్టంలో పాదరసం నింపి తిరగేస్తే 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది, పైన ఖాళీ మిగిలింది. పాదరసం నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు. 76ని 13.6తో గుణించండి, 1033 సెంటీమీటర్లు, అంటే అదే ముప్పై నాలుగు అడుగులు. శూన్యం మీద ఎవరికీ ఏ కోపమూ లేదు, పైనున్న గాలి బరువే నీళ్ళని నెట్టుతోంది.

మా నాన్నకి టోరిసెల్లీ తెలియదు గానీ ఈ లెక్క తెలుసు. బావి లోతుగా ఉంటే మోటారుని పైన పెట్టేవాడు కాదు, బావి లోపల సగానికి దించి దిమ్మె మీద కట్టేవాడు. ఇరవై అయిదు అడుగులకి మించి పీల్చదురా, అవతల నుంచి నెట్టించాల్సిందే అనేవాడు. ఇప్పుడు సబ్‌మెర్సిబుల్ వచ్చాక ఆ బాధ పోయింది.

బెంజ్ సర్కిల్ బ్యాచ్
తాడికొండ అన్నా, ‘ఇంగ్లిష్ అంతంతమాత్రం’ అని ఇంకోసారి అంటే ఊరుకోను.

నైట్ డ్యూటీ సిస్టర్
మధ్యలో చిన్న డౌటు. మా వార్డులో కేస్ షీట్ల మీద కొత్త స్టాఫ్ ‘అవర్స్ రియాక్షన్’ అని రాస్తున్నారు. మందు పడకపోతే రాయాల్సింది ‘అడ్వర్స్’ కదా? అవర్స్ అంటే మాస్టారు చెప్పిన పెడమొహమే అయితే మందు మనిషిని చూసి మొహం తిప్పుకున్నట్టు అవుతుంది.

బ్రాడీపేట నాలుగో లైను
నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ అమ్మా. అడ్వర్స్ అంటే ప్రతికూలం, అది మందుకి, వాతావరణానికి. అవర్స్ మనిషికి. పేషెంటు సూది అంటే అవర్స్, సూది వల్ల దద్దుర్లు వస్తే అడ్వర్స్.

ఇలాంటి జంటే ఇంకోటి. లోత్, లోద్. చివర ఇ లేకపోతే లోత్. ‘ఐ యామ్ లోత్ టు గో’ అంటే వెళ్ళడానికి మనసొప్పడం లేదని, అంతే. చివర ఇ పెడితే లోద్, బ్రీద్‌లోలాగా. అప్పుడది ‘పొడ గిట్టదు’ అయిపోతుంది. అత్తారింటికి వెళ్ళడానికి లోత్ అని రాయబోయి ఇ చేర్చారనుకోండి, పెద్ద పంచాయితీయే.

సింగ్‌నగర్ ఇంటావిడ
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధి మునిగింది. నీళ్ళు తీశాక ఇంటికొచ్చాం. తలుపు నానిపోయి రాలేదు, మా ఆయన భుజంతో నెడితే వచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ వెల్లకిలా పడుంది. ఎవరో ఒకరు తీయాలి కదా అని నేనే తీశా. లోపల ఏముందో రాయను. బియ్యం డ్రమ్ములో నీళ్ళు పోయి బియ్యం ఉబ్బి బుడగలొస్తున్నాయి. చెయ్యి పెట్టి తోడాలి. రెండు చేతులకీ పాల ప్యాకెట్ల కవర్లు కట్టుకుని తోడా. మధ్యలో రెండుసార్లు వాంతి అయింది. మీరందరూ చెబుతున్న జలదరింపు, రోత, కంపరం అన్నీ ఆ రోజు చూశా. కానీ మూడో రోజుకి అలవాటైపోయింది. బురద ఎత్తుతూనే టీ తాగాం.

అలవాటు కానిది ఒకటుంది. నీళ్ళు ఉన్నప్పుడు మా ఎదురింటి ముసలావిడ, ఒక్కతే ఉంటుంది, డాబా మీద నుంచి చెయ్యి ఊపుతోంది. ఒకడు పడవ వేసుకుని వచ్చాడు. ఆవిడ దిగడానికి కాలు కూడా పెట్టింది. మనిషికి ఇంత అని రేటు చెప్పాడు. ఆవిడ దగ్గర అంత లేదు. చెవి దిద్దులు చూశాడు. నేను మా మేడ మీద నుంచి చూస్తూనే ఉన్నా. కాలు వెనక్కి తీయించి పడవ తిప్పుకుపోయాడు. తర్వాత వేరే కుర్రాళ్ళు ఎవరో వచ్చి ఊరికే తీసుకెళ్ళారనుకోండి, ఆవిడ బాగానే ఉంది.

వాడి మీద నాకు పగ లేదు. ఎదురుపడితే కొట్టాలనీ లేదు. కానీ ఆ కాలు వెనక్కి తీసిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. ఫ్రిజ్ తలుచుకుంటే లేవవు. మాస్టారు మొదట రాసింది చదివితే అదే గుర్తొచ్చింది.

తాళపత్రం
అమ్మా, నేను రాసిన ఏవగింపు గీవగింపు అన్నీ తీసేయొచ్చు. మీరు రాసిందే అర్థం.

బెంజ్ సర్కిల్ బ్యాచ్
అక్కా, రేపు క్లాసులో ఇది చెప్పుకోవచ్చా? ఊరు పేరు లేకుండా. డిస్‌గస్ట్‌కీ అబ్‌హోర్‌కీ తేడా చెప్పడానికి ఇన్నేళ్ళూ బొద్దింక ఉదాహరణతో నెట్టుకొస్తున్నా.

సింగ్‌నగర్ ఇంటావిడ
చెప్పుకోమ్మా. ఊరు పేరు పెట్టినా పర్లేదు.

పిడుగు
కాకరకాయ పోస్ట్ డిలీట్ చేద్దామనుకున్నా. ఆప్షన్ కనపడట్లేదు.

బ్రాడీపేట నాలుగో లైను
ఉండనీరా. కాకరకాయ లేకపోతే చర్చ ఎలా ముందుకొచ్చేది?

ఇంటావిడ గారి మాటల్లో ఇంకో సంగతి గమనించండి. ‘నేను వాణ్ణి ఏవగించుకున్నా’ అనలేదు ఆవిడ. వెంట్రుకలు లేస్తాయి అంది. తెలుగులో ఇలాంటివి చాలావరకు మనం చేసే పనులు కావు, మనకి జరిగేవి. ‘నాకు’ గిట్టదు, ‘నాకు’ పడదు, ‘నాకు’ వెగటు. ఎక్కువగా ‘నాకు’ తోనే మొదలు. ఇంగ్లిష్‌లో ‘ఐ అబ్‌హోర్’ అని ‘నేను’తో మొదలుపెట్టాలి, అక్కడే మన పిల్లలకి నోరు తిరగదు. వాళ్ళకి నేను నేర్పే దొడ్డిదారి ఒకటుంది. విశేషణం వాడమంటా. ‘ఇట్ ఈజ్ అబ్‌హోరెంట్ టు మి’. ఆ చివరి ‘టు మి’ మన ‘నాకు’ పక్కన పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోతుంది.

ఆటోనగర్ కమాన్ కట్టలు
రెండు రోజులు కొట్టులో పని ఒత్తిడి వల్ల రాలేకపోయా. ఇంటావిడ గారూ, మీరు రాసింది చదివాక నా మెయిల్ తలుచుకుంటే సిగ్గేసింది. ఆ పెద్దాయన ‘నీచమైన పని’ అని ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది. ఆయన ఆ మాటకి సరైన అర్థమే చెప్పుకున్నాడు, నాకే తెలియలేదు.

మళ్ళీ మెయిల్ రాశా, చూడండి. ‘సర్, ఐ యూజ్డ్ ఎ రాంగ్ వర్డ్. ఐ వాజ్ అప్‌సెట్ అబౌట్ ద డిలే, నాట్ అబౌట్ యు. ప్లీజ్ ఫర్గివ్ మి.’ బెంజ్ సర్కిల్ మేడం, తప్పులుంటే చెప్పండి.

బెంజ్ సర్కిల్ బ్యాచ్
ఒక్క తప్పూ లేదు. అలాగే పంపండి.

ఆటోనగర్ కమాన్ కట్టలు
పంపేశానండి మేడం, మీకు చూపించకముందే 🙏 ఆయన జవాబు కూడా వచ్చింది. ‘నో ప్రాబ్లెమ్ బేటా’ అని. సరుకు నిన్న సాయంత్రం దిగింది. పాప ఇప్పుడు ‘అబ్, హోర్’ అని ఆగి ఆగి ఇల్లంతా తిరుగుతోంది, వాళ్ళమ్మ నన్ను తిడుతోంది.

ఒకటే తలనొప్పి. పదహారు కట్టలకి డబ్బులు కట్టించుకుని పద్నాలుగే పంపారు. ఇప్పుడేం రాయమంటారు?

నల్లకోటు
ఏమీ రాయకండి. ఫోన్ చేయండి.